సంగీతం క్లాసు వంతు

2011 సెప్టెంబరు 28, బుధవారం ఉదయం. హైదరాబాద్ కొత్తపేటలోని ఒక కాలనీ కమ్యూనిటీ హాలుకు అసోసియేషన్ అధ్యక్షుడు మల్లికార్జునరావు తాళం వేయించారు. రిటైరైన టీచరు శేషారత్నం ఆ హాల్లో రోజూ సాయంత్రం పిల్లలకు ఉచితంగా పాట నేర్పేవారు.

కారణం ఎదుటి టెంటుకు కట్టిన ఫ్లెక్సీ. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక ఆ టెంటులో రిలే నిరాహార దీక్ష నడుస్తోంది. రోజుకొకరి వంతు. ఒకరోజు ఆటోవాళ్లు, ఒకరోజు లాయర్లు. ఎవరు కూర్చుంటే వాళ్ల పేరు ఫ్లెక్సీ మీద వేస్తారు. ఆ ఉదయం శేషారత్నం ఫొటో, కింద ‘సంగీతం క్లాసు’ అని వేశారు. ఆమెను ఎవరూ అడగలేదు.

వేయించింది ఆటో డ్రైవరు లింగస్వామి. అతని కూతురు మౌనిక ఆ క్లాసులోనే నేర్చుకుంటోంది. సమ్మెతో బడులు మూతపడ్డాక పిల్లలు ఇల్లు కదిలేది ఆ క్లాసు గంటకే. నల్లగొండ తల్లులు, కోస్తా తల్లులు కలిసి నిలబడి మాట్లాడుకునేదీ ఆ గంటే.

శేషారత్నం మల్లికార్జునరావు ఇంటికి వెళ్లి తనకేమీ తెలియదన్నారు. ఆయన నమ్మారు. అయినా కోస్తా పిల్లల తండ్రులు తనను నిలదీస్తున్నారని, ఫ్లెక్సీ తీసేదాకా హాలు తెరవనని చెప్పారు.

ఆమె టెంటుకు వెళ్లారు.

“అది తీసెయ్యి లింగస్వామీ.”

“ఎట్ల తీస్త టీచరమ్మా? బస్తీ అంత చూసింది. తీస్తే మావోళ్లు పిల్లల్ని పంపరు.”

“ఉంచితే మా కోస్తావాళ్లు పంపరు.”

“జరసేపు కూసోండ్రి. పాడుడు గూడ వద్దు.”

“నాకు షుగరు. పడిపోతే నీ ఆటోలోనే ఆసుపత్రికి మొయ్యాలి.”

“ఆటోలు గూడ బందే గద.”

టెంటులో వాళ్లు నవ్వారు. ఆమె కూర్చోలేదు. లింగస్వామి బ్లేడుతో ఫొటో ఒక్కటే కోసి ఇచ్చాడు. అక్షరాలు ఉంచాడు. అక్షరాలున్నంత వరకు తాళం తీయనని మల్లికార్జునరావు కబురు పంపారు.

సాయంత్రం ఆరింటికి హాలు మెట్ల మీదికి పదకొండు మంది పిల్లలు వచ్చారు. అందరూ టెంటు వైపు ఇళ్ల వాళ్లే. మౌనిక మొదలుపెట్టమంది. ఒక వైపు వాళ్లతోనే మొదలుపెడితే అది దీక్ష కిందికే లెక్కవుతుందని చెప్పి శేషారత్నం వాళ్లను ఇళ్లకు పంపేశారు.

సమ్మె విరమించి టెంటు, ఫ్లెక్సీ తీసేశాక, నవంబరు మొదటి సోమవారం హాలు తెరిచారు. శేషారత్నం ఆరింటికి వెళ్లారు. మునుపటి ముప్పై మందిలో ఐదుగురు వచ్చారు. ముగ్గురు టెంటు వైపు వాళ్లు, ఇద్దరు కోస్తా వాళ్లు. క్లాసు జరిగింది.