లాండ్రీలో మొదలైన బడి

ఆ లాండ్రీకి వెళ్ళినవాళ్ళకు బట్టలు ఇవ్వడంతో పాటు ఇంకో పని కూడా పడేది. మాటలు మోసే పని. ఇస్త్రీ బల్ల దగ్గర భర్త, నీళ్ళ తొట్టి దగ్గర భార్య. మధ్యలో మనిషి పట్టేంత జాగా.

"సబ్బు అయిపోయిందని ఆయనగారితో చెప్పండి" అనేది ఆమె.

"నాకేం చెవుడు లేదని ఆవిడగారితో చెప్పండి" అనేవాడు అతను.

వచ్చినవాళ్ళు ఇటు చెప్పి, అటు చెప్పి, నవ్వుకుంటూ పోయేవాళ్ళు. నవ్వడానికి ఏముంది అందులో? ఒకే కప్పు కింద బతికే ఇద్దరికి మాట్లాడుకోవడం చేతకాలేదు. మనకది వినోదమైంది.

ఆ వీధి చివరే ఉన్న గదిలో ఒకావిడ బడి పెట్టింది. పెద్దవాళ్ళకు. ఇంట్లో మనుషులు గొడవ పడకుండా మాట్లాడుకోవడం నేర్పుతానంది. ఉన్న ఉద్యోగం మానేసి మరీ పెట్టింది. జనం ఆమెకు మాటల టీచరని పేరు పెట్టారు. మొదటి ఆదివారం గది నిండింది. తర్వాత సగమైంది. మూడో ఆదివారం ఆమె భర్త ఒక్కడే కూర్చున్నాడు. వచ్చే ఆదివారం కూడా ఎవరూ రాకపోతే గది ఖాళీ చెయ్యమని యజమాని తేల్చేశాడు.

"జనం ఎందుకు రావట్లేదండీ?" అని భర్తను అడిగింది.

"చెప్తే కోప్పడవుగా?"

"నేనెందుకు కోప్పడతాను! అసలు కోపమంటే ఏంటంటే..."

"ఇదిగో, ఇందుకే! ఎదుటివాళ్ళ మాట వినాలని మొదటి ఆదివారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చెప్పావు. ఒక్కళ్ళనైనా నోరు తెరవనిచ్చావా?"



మర్నాడు దుప్పట్లు పట్టుకుని లాండ్రీకి వెళ్ళింది. అప్పటికే అక్కడ నలుగురైదుగురు వరుసలో ఉన్నారు. తొట్టి పక్కన ఒక మూట. అది ఉతికే మూట కాదు, ఆ ఇల్లాలి సొంత బట్టలు.

"దుప్పట్లు ఎత్తలేక నడుము విరుగుతోందని ఆయనగారితో చెప్పండమ్మా. సాయంత్రం మా అక్క దగ్గరికి పోతున్నానని కూడా చెప్పండి."

టీచరుకు ఉపన్యాసం గొంతు దాకా వచ్చింది. మింగేసింది. అతని వైపు తిరిగింది.

"ఆవిడ ఏమందో ముందు మీరు చెప్పండి. సరిగ్గా చెప్తేనే మీ జవాబు మోస్తాను."

"ఏముంది, పని ఎగ్గొడతానంటోంది."

"ఏమ్మా, అదేనా?"

"కాదు!"

"తప్పు! మళ్ళీ చెప్పవయ్యా!" వరుసలోంచి బేకరీ ఆయన అరిచాడు.

"వాళ్ళక్క గొప్పదంటోంది."

"తప్పు!" ఈసారి అందరూ అరిచారు. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి తొంగి చూశారు.

అతనికి చెమట పట్టింది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. భార్య వైపు తిరిగాడు.

"ఏమన్నావో మళ్ళీ చెప్పు."

నేరుగా! ఆమెతోనే!

"తడి దుప్పటి ఎత్తితే నడుము పట్టేస్తోంది. ఎన్నాళ్ళ నుంచో చెప్తున్నా."

"తడి దుప్పటి ఎత్తితే... నీకు నడుము పట్టేస్తోంది. ఎన్నాళ్ళ నుంచో చెప్తున్నావు." అతని గొంతు తగ్గింది. "నాకది సాకులాగే వినపడింది. ఇకమీద దుప్పట్లు నేను ఉతుకుతాలే."

"నువ్వు ఉతికితే తెల్లవన్నీ నీలమైపోతాయి!" అంటూ ఆమె కళ్ళు తుడుచుకుని మూట విప్పేసింది.

నవ్వులే నవ్వులు. "టీచరుగారూ, మా ఆవిణ్ణి కూడా తీసుకురానా?" అన్నాడు బేకరీ ఆయన.

ఆదివారం గదిలో కాలు పెట్టే చోటు లేదు. లాండ్రీ జంట ముందు వరుసలో కూర్చుంది. టీచరు లేచి నిలబడి గొంతు సవరించుకుంది. గుమ్మం దగ్గర ఆమె భర్త పెదాల మీద వేలు పెట్టాడు. ఆమె పకపకా నవ్వి కూర్చుంది. "మీరు చెప్పండి, నేను వింటాను."

ఏళ్ళు తిరిగేసరికి ఆ ఒక్క గది సంస్థ అయింది. ఆ పాఠం ఫ్యాక్టరీలకు, ఆసుపత్రులకు, జైలుకు కూడా వెళ్ళింది. టీచరు జుట్టు నెరిసింది కానీ ఉత్సాహం నెరవలేదు. కొత్తగా నేర్పడానికి వచ్చినవాళ్ళను ఈనాటికీ ముందు లాండ్రీలోనే ఒక పూట నిలబెడుతుంది, నోరు మూసుకుని వినమని. ఇప్పుడా మొగుడూపెళ్ళాల మాటల మధ్య బట్టలు ఇద్దామన్నా సందు దొరకదు!

కొత్తగా వచ్చినవాళ్ళతో టీచరు చెప్పేది ఒక్కటే. మీకూ అదే చెబుతున్నాను. "జవాబు ఎక్కడికీ పోదు. మీ ఇంటి మనిషి ఏమందో ముందు మీ నోటితో తిరిగి చెప్పి, అదేనా అని అడగండి. ఈ పూటే అడగండి."