పొత్రానికి గుర్తుంది

తిరుత్తణిలో వజ్రమ్మ పచ్చడి నూరినప్పుడల్లా సన్నికల్లు పొత్రం మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి అడిగేది.

"ఉప్పు వేసినానా?"

"వేసినావు. రెండుసార్లు," అనేది పొత్రం.

తనతో నూరిందేదీ అది మరవదు. ఆమె అత్తగారి కాలం నుంచీ అంతే. మతిమరుపంతా వజ్రమ్మకే. గరిటె చేతిలో పెట్టుకొని గరిటె యాడ అని వెతికేది.

1957లో కోడలు కాంచనకి మెడలో గడ్డ లేచింది. కాన్సరన్నారు. గంజి తప్ప గొంతు దిగదు. కొడుకు లోకనాథం వారానికి మూడు దినాలు ఆమెను రైల్లో పట్నం ఆసుపత్రికి తీసుకుపోయి, గడ్డను కరిగించే రేడియేషన్ కరెంటు పెట్టించేవాడు. డాక్టరు వరదన్ ఆమె మెడమీద ఊదా సిరాతో గీత గీసి, "ఈ గుర్తు చెరగకూడదు. దీని లోపలే కరెంటు పెట్టాల," అన్నాడు.

మూడో వారం ఆ గీత వెంబడే మెడంతా పొక్కింది.

"ఈ చర్మం కరెంటుకి తట్టుకోదు. ఆపేయాల్సిందే," అన్నాడు డాక్టరు. "ఇంట్లో నాటుమందులేమన్నా వాడినారా?"

"లేదు సామీ," అన్నాడు లోకనాథం, నేల చూస్తూ.

కరెంటు ఆపితే గడ్డ ఆగదు. ఇంటికొచ్చి అమ్మను నిలదీసినాడు.

"ఏదో నూరినాను నాయనా. ఏం నూరినానో గుర్తు లే," అని ఏడ్చింది వజ్రమ్మ.

మరుసటి దినం పొత్రాన్ని తువ్వాల్లో చుట్టుకొని ముగ్గురూ రైలెక్కినారు. డాక్టరు దానిమీద నీళ్లు చల్లి పెన్సిలు తీసుకున్నాడు.

"వాంతులకని అల్లం, మిరియాలు," అంది పొత్రం. "నాటువైద్యుడిచ్చిన నల్ల పొట్లం. ఆమీద నల్లజీడి, మెడకి."

"మెడకెందుకు?"

"సిరా చెరిగిపోతోందని జీడిరసంతో దానిమీదే దిద్దింది. చాకలి మునిస్వామి జీడితో బట్టలకి పెట్టే గుర్తు ఎన్ని ఉతుకులకీ పోదు కదా!"

వజ్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డాక్టరు పెన్సిలు కింద పెట్టి నవ్వినాడు.

"నీ కోడలేమన్నా దుప్పటా పెద్దమ్మా? ఇది జీడి పొక్కు, మానిపోతుంది. కరెంటు ఆపే పని లేదు."

మళ్లీ పెన్సిలు అందుకున్నాడు. "అల్లం కషాయం పలచగా తాగనీ. ఆ పొట్లంలో ఏముందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. కరెంటు ముగిసేదాకా వద్దు. మెడకి నీళ్లు తప్ప ఏదీ తగలకూడదు. ఏది ఇవ్వాలన్నా ముందు నాకు చెప్పండి."

"తిడతారనే దాచినాం సామీ," అన్నాడు లోకనాథం.

"తిట్టను. దాస్తేనే తిడతా."

పదిదినాలకి పొక్కు ఎండింది. డాక్టరే కొత్త గీత గీసినాడు. కరెంటు పూర్తయింది, గడ్డ కరిగింది.

ఆడికృత్తిక పండగ ముందురోజు వజ్రమ్మ గోంగూర పచ్చడి నూరి, నీళ్ల కోసం చెంబు అందుకుంది. అప్పటికే కాంచన ఒక ముద్ద కలిపి మింగింది. పొత్రం కంటే ముందు ఆమే చెప్పింది.

"రెండుసార్లు వేసినావత్తా."

అని ఇంకో ముద్ద కలుపుకుంది.