ఒక ఇల్లు, ఒక రోజు

సంతకం పెడితేగానీ తాళం తియ్యనని నేను, తాళం తీస్తేగానీ సంతకం పెట్టనని ఆయన. మార్చి నెల, అమెరికాలో టొలీడో ఊరు, ఎముకలు కొరికే చలిగాలిలో అమ్మకానికి పెట్టిన ఒక ఇంటి వరండా.

ఆయన పేరు ఓడెల్ గేన్స్, సిటీ బస్సుల మెకానిక్. పక్కనే చక్రాల కుర్చీలో భార్య వెర్నా, మోకాళ్ళ మీద రగ్గు కప్పుకుని ఉంది.

మేం ఇల్లు కొనేవాళ్ళ తరఫున తిరిగే ఏజెంట్లం. ఒప్పందం మీద సంతకం లేకుండా వాళ్ళను గడప దాటించకూడదని రూలొచ్చి ఏడాదిన్నర. మా ఆఫీసు యజమాని గారెట్ స్టోల్జ్ ఆ రూలు చూసి పండగ చేసుకున్నాడు. ప్రతి సోమవారం డోనట్లు పెట్టి మరీ పాఠం చెప్పేవాడు: "వరండాలోనే పట్టుకోండి. చలికి వణికేవాడు చదవడు. ఫోను చేతిలో పెట్టి, సంతకానికి వేలెక్కడ పెట్టాలో చూపించండి. ఆరు నెలలు మన ఆఫీసుతోనే తిరగాలి, రూలంతే అనండి."

రూలు సంతకం అడుగుతుందిగానీ ఆరు నెలలు అడగదు. ఆ సంగతి మాకందరికీ తెలుసు. తెలిసి తెలిసీ ఈ చలికాలంలోనే నేను తొమ్మిది కుటుంబాల చేత అలా వేలు పెట్టించాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

"చూడండి మేడమ్," అన్నాడు ఓడెల్, చేతులు జేబుల్లోంచి తియ్యకుండానే. "పోయినేడు ఒకావిడ ఇలాగే నవ్వుతూ సంతకం పెట్టించుకుంది. రెండు వారాలకే వేరే ఆఫీసుకి పోయింది. మేమూ ఆవిడతోనే పోతామంటే కుదరదన్నారు. కాగితం ఆవిడది కాదట, ఆఫీసుదట! అయిదు నెలలు మా ఫోనెత్తిన నాథుడు లేడు. నా దగ్గర ఇక మీ పప్పులుడకవు."

"ఓడెల్, తిట్టేదేదో లోపలికెళ్ళాక తిట్టవయ్యా. నా ముక్కు ఊడిపడేలా ఉంది," అంది వెర్నా.

"లోపలికెళ్ళాలంటేనే సంతకం కావాలట. అదేగా గొడవ!"

'రూలంతే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. రేపు నేనూ ఆవిడలాగే వేరే ఆఫీసుకి పోతే? ఈయన చెప్పిందాంట్లో అబద్ధమేముంది? నా కాగితాలూ నావి కావు, గారెట్‌వే.

కారు దగ్గరికెళ్ళి అచ్చు ఫారం తెచ్చాను. ఆరు నెలలు అన్నచోట పెన్నుతో కొట్టేసి, 'ఈ ఒక్క ఇల్లు, ఈ ఒక్క రోజు, సాయంత్రం అయిదు వరకే' అని రాశాను. ఫారం మీద పెన్ను పెట్టినవాళ్ళకు ఆఫీసులో చోటు లేదని గారెట్ ఎన్నోసార్లు చెప్పాడు. అయినా రాశాను.

ఓడెల్ కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలూ చదివాడు. కమీషన్ ఎంత, ఎవరిస్తారు అని అడిగి మరీ చదివాడు. నా పదహారేళ్ళ ఉద్యోగంలో చివరి అక్షరం దాకా చదివిన మొదటి మనిషి ఆయనే. చదివి, సంతకం పెట్టాడు.

తాళం తీశాను. ఇల్లు బాగానే ఉంది. స్నానాలగది తలుపు దగ్గర మాత్రం కుర్చీ ఇరుక్కుపోయింది.

"అయితే స్నానం హాల్లో చెయ్యమంటారా?" అంది వెర్నా. ముగ్గురం నవ్వుకున్నాం. ఈ ఇల్లు వద్దని, నాకు చెయ్యి ఊపి వాళ్ళ దారిన వాళ్ళు పోయారు.

అయిదూ పదికి గారెట్ ఆ కాగితాన్ని నా బల్ల మీద పడేశాడు. "ఏంటిది రెనాటా? ఆరు నెలల బేరాన్ని ఒక్క పూటకి తగలేశావా?"

"ఒక్క పూటే ఇవ్వదలుచుకున్నాడు. ఇచ్చాడు."

"రేపు పిలిచి ఆరు నెలలది పెట్టించు."

"పెట్టించను. ఆయన కాగితం గడువు పది నిమిషాల కిందటే తీరిపోయింది. నీకూ నాకూ ఆయన బాకీ లేడు."

"అయితే బల్ల ఖాళీ చెయ్. నీ తొమ్మిది కుటుంబాలూ ఇక్కడే ఉంటాయి, గుర్తుంచుకో. వాళ్ళు నీ వాళ్ళు కాదు."

యాభై ఎనిమిదేళ్ళ వయసులో మళ్ళీ ఆఫీసుల గడపలెక్కాలంటే భయం కాక ఏమవుతుంది? కానీ నన్ను అంతకంటే ఎక్కువ పొడిచింది ఆ తొమ్మిది అన్న మాటే. వాళ్ళను అతని చేతికిచ్చింది నేనే.

"వాళ్ళను వదిలెయ్, కిమ్మనకుండా పోతాను," అన్నాను.

నవ్వాడు. "ఎందుకు వదలాలి? సంతకాలు పెట్టారుగా."

నా సొంత ఫోను తీసి, ఆఫీసంతా వినేలా స్పీకర్ పెట్టి, మొదటి నంబరు నొక్కాను. ఇద్దరు పిల్లల తల్లి, ఆస్పత్రి నర్సు ఇబారా.

"మిసెస్ ఇబారా, నేను రెనాటాని. ఆ రోజు ఆరు నెలలు రూలన్నాను చూడండి, అది అబద్ధం. ఒక్క రోజుకైనా రాసుకోవచ్చు. నేనివాళ ఈ ఆఫీసు వదిలేస్తున్నాను. మీరుంటే ఉండండి, వద్దనుకుంటే 'మమ్మల్ని వదలండి' అని ఆఫీసుని రాతపూర్వకంగా అడగండి. ఎవరితో వెళ్ళాలన్నది మీ ఇష్టం."

"ఫోను పెట్టెయ్!" అని అరిచాడు గారెట్.

అవతల ఇబారా మెల్లిగా అడిగింది: "మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆఫీసులో అందరూ నా మొహంలోకే చూస్తున్నారు.

"ఉద్యోగం పోతుందని," అన్నాను. "తప్పు నాదే."

ఫోను పెట్టేసి, గారెట్ చూస్తుండగానే రెండో నంబరు నొక్కాను.