వేశాను

సోఫా వెనక్కి చీపురు పోనిస్తే మాత్రలు దొర్లుకుంటూ వచ్చాయి. తొమ్మిది. అన్నీ పిడుగు గుండె మాత్రలే.

పిడుగు మా కుక్క. పదేళ్లది. పోయిన నెల టీకాకి తీసుకెళ్తే డాక్టరమ్మ దాని ఛాతీ మీద పెట్టిన గొట్టం ఎంతకీ తియ్యలేదు. కవాటం సరిగ్గా మూసుకోవడం లేదంది, గుండె అప్పుడే పెద్దదయిందంది. "దగ్గూ ఆయాసం వచ్చేదాకా ఆగొద్దమ్మా. ఇప్పుడే మొదలుపెడితే ఆ రోజుని వెనక్కి నెట్టొచ్చు. రెండు పూటలా వెయ్యండి. నిద్రలో ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి ముప్ఫై దాటితే వెంటనే ఫోన్ చెయ్యండి."

"గంతులేసే కుక్కకి గుండెజబ్బేంటే? నీ చాదస్తం కాకపోతే!" అన్నారు మా ఆయన. "నా మోకాళ్లు మాత్రం ఎవరికీ పట్టవు," అన్నారు అత్తగారు. ఆ మోకాళ్లకి రోజూ నూనె రాసే చేతులు ఎవరివో మరి! ఆయనకీ ఏ బాధా లేదు, అయినా నాలుగేళ్లుగా బీపీ మాత్ర మింగుతున్నారు. పొద్దున్నే టీ పక్కన చిన్న పళ్లెంలో అది వేసి పెట్టేదాన్ని నేనే. దాన్నెవరూ చాదస్తం అనలేదు.

నాకు సాయంత్రం షిఫ్టు పడ్డ రోజుల్లో ఆ ఒక్క పూట మాత్ర ఆయన వెయ్యాలి. ఆఫీసు నుంచి ఫోన్ చేసి "వేశారా?" అని అడిగేదాన్ని. "వేశాను," అనేవారు. నమ్మాను, బుద్ధిలేనిదాన్ని.

అరచేతిలో ఆ తొమ్మిదీ చూపించాను. ఆయన పేపరు దించలేదు. "వేశానన్నాను. దాని నోట్లో వేశానన్నానా?" అని నవ్వారు. అత్తగారూ నవ్వారు. ఇలాంటి జోకులకి ఇన్నేళ్లూ నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. ఇవాళ ఒళ్లు మండిపోయింది.

పిడుగు బల్ల కింద నిద్రపోతోంది. పక్కన చతికిలబడి, గడియారం చూస్తూ లెక్కపెట్టాను. పదిహేడు దగ్గర, "కూర్చున్నావేంటి, టీ ఏదీ?" అని ఆయన కేక. లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టాను. ముప్ఫై ఎనిమిది. ఫోన్ చేస్తే డాక్టరమ్మ, "వెంటనే తీసుకొచ్చెయ్యండి," అంది.

దాన్ని తువ్వాల్లో చుట్టి ఎత్తుకున్నాను. చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి ఆయన గొంతు.

"నా బీపీ మాత్ర?"

"వేశాను."

పేపరు కింద పడేసిన చప్పుడు.

"ఎక్కడ?"

గుమ్మం దాటాను. లోపల సోఫా జరుపుతున్న చప్పుడు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో దాన్ని నేను కాకుండా ఇంకొకరు జరపడం అదే మొదటిసారి.