డబ్లిన్ సీటూ, మా ఇంటి పునాదీ

నేను తాపీ మేస్త్రీని. పేరు అప్పలసూరి. నౌపడకి నాలుగు కిలోమీటర్ల దూరంలో, రోడ్డు పక్కన పది సెంట్ల స్థలంలో మా ఇల్లు. నాకు పని నేర్పినాయన గోడ కడుతున్నంతసేపూ మాట్లాడనిచ్చేవాడు కాదు. ఆ అలవాటు పని దగ్గర ఆగకుండా ఇంటిదాకా వచ్చేసింది. రోజు మొత్తం మీద నేను ఆడే మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చని నా భార్య నారాయణమ్మ అంటుంది.

మా అమ్మాయి శైలజ బీకాం చదివి, విజయనగరంలో ఒక ఆడిటరు గారి దగ్గర రెండేళ్ళు పనిచేసింది. ఈ వేసవిలో ఇంటికొచ్చి, విదేశంలో ఫైనాన్సు మాస్టర్సు చదువుతానంది. అప్పటికే రెండు చోట్ల సీట్లు తెచ్చుకుంది. ఒకటి లండన్‌లో, ఒకటి డబ్లిన్‌లో. పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, నడుమ గీత గీసి, అటు లండన్, ఇటు డబ్లిన్ రాసి గోడకి తగిలించింది.

నేను వస్తూ పోతూ చూసేవాణ్ణి. లండన్ వైపు కాలేజీ పేరు పెద్ద అక్షరాలతో ఉంది. ఫీజు దగ్గరికొచ్చేసరికి అక్షరాలు చిన్నవైపోయాయి. డబ్లిన్ వైపు ఫీజు అందులో సగం. చదువు ఏడాదే. అయ్యాక రెండేళ్ళు అక్కడే ఉండి ఉద్యోగం చేసుకోవచ్చు. కిందటేడు చదివిన పిల్లల్లో ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో, ఆరుగురిని ఫోన్లో అడిగి మరీ రాసింది.

నాలుగో రోజు లండన్ వైపు అడ్డంగా కొట్టేసింది. "పేరు కోసం అంత డబ్బెందుకు నానా? రెండు చోట్లా సెప్పే పాఠం ఒకటే," అంది.

నేను ఒక్కటే అడిగాను. "ఆ ఊర్లో ఇల్లు దేంతో కడతారు?"

"ఎర్ర ఇటికలతో. ఫొటోల్లో సూసినాను. పైన పూత కూడా ఎయ్యలేదు, ఇటిక అలగే కనపడతాది."

పూత లేకుండా ఇటిక పని బయటికి చూపించాలంటే మేస్త్రీకి ధైర్యముండాలి. మంచి ఊరే అనుకుని తలూపాను.

లోను కోసం శ్రీకాకుళంలో బ్యాంకుకి వెళ్ళాం. ముప్పై లక్షలు కావాలి. ఇల్లూ స్థలమూ తనఖా పెట్టాలన్నారు. బ్యాంకు తరఫున ఒక ఇంజనీరు వచ్చి ఇల్లు చూసి విలువ కడతాడు, ఆ విలువని బట్టే లోను. జూన్ ముప్పైలోగా మొదటి ఫీజు కట్టకపోతే డబ్లిన్ సీటు వేరేవాళ్ళకి పోతుంది. అప్పటికి పన్నెండు రోజులే ఉంది.

ఇంజనీరు మధ్యాహ్నం వస్తానన్నాడు. ఈలోపు రిజిస్ట్రారాఫీసులో, స్థలం మీద వేరే అప్పులేవీ లేవని చూపించే ఈసీ కాగితం తెచ్చుకుందామని నేనూ శైలజా పొద్దున్నే టెక్కలి వెళ్ళాం. ఆయనేమో పన్నెండు కాకుండానే వచ్చేశాడు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మా వైపు ఆఫీసు మనిషెవరైనా కాగితాలు పట్టుకుని ఇల్లు చూడ్డానికి వచ్చాడంటే, అది తుపాను నష్టం లెక్కకే. ఆమధ్య పెద్ద తుపానప్పుడు మా అమ్మ అసిరమ్మ ఆ వచ్చినాయనతో, "మావోడు కట్టినాడు బాబూ, మాకేటీ అవ్వనేదు," అని ఉన్నమాట చెప్పేసింది. మాకు పరిహారం పైసా రాలేదు. ఎదురింటి జగన్నాధం బావ ఎగిరిపోయిన రేకులు చూపించి, ఎగరని రేకులకి కూడా కలిపి ఏడ్చాడు. ఆయనకి డబ్బులు వచ్చాయి. ఆనాటి నుంచీ మా అమ్మకి ఆ బాధ అలాగే ఉండిపోయింది.

మేం బండి దిగేసరికి ఆవిడ గొంతు వీధిలోకి వినబడుతోంది.

"ఈ మూల సూడు బాబూ. వానొస్తే ఇల్లు కాదిది, సెరువు. గిన్నెలు సాలక పక్కింటోల్లవి తెచ్చుకుంటాం."

లోపలికెళ్ళాం. హాలు మధ్యలో బకెట్టు పెట్టుంది. నెల రోజులుగా చుక్క వాన లేదు. ఇంజనీరు ఉదయభాస్కర్ అనే కుర్రాయన, టేపు చంకలో పెట్టుకుని ప్యాడు మీద రాసుకుంటున్నాడు. జగన్నాధం బావ గోడకి దూరంగా, అది మీద పడుతుందేమో అన్నట్టు నిలబడ్డాడు.

"బీటలున్నాయి బాబూ. రంగేసి కప్పీసినాడు. ఈ గోడకి ఆనుకోడానికి నాకే బయం."

"పునాది ఎలా ఉంది?" అని ఇంజనీరు అడిగాడు.

"పునాదేటి? ఇసక మీద ఎట్టీసినాడు!" అన్నాడు బావే.

"నాన్నమ్మా! మావ సేత ఇయ్యేటి మాటలాడిస్తన్నావు?" అని శైలజ కేకేసింది.

మా అమ్మ దానికి కన్ను కొట్టింది. "నువ్వూరుకోయే. ఈసారి నాను ఒగ్గను."

శైలజ ఇంజనీరుని పక్కకి పిలిచి, ఆయన్ని తుపాను లెక్కకొచ్చిన మనిషనుకున్నారని చెప్పింది. ఆయన నవ్వాడు గానీ, ప్యాడు మా వైపు తిప్పాడు. పైకప్పు కారుతోంది, గోడలు బీటలు, పునాది బలహీనం. "ఇంటి పెద్దావిడే కారుతుందని చెప్పారమ్మా. లోను కోసం వచ్చానని తెలిశాక మీరు కారదంటున్నారు. నేనేం చెయ్యాలి? ఇలాగైతే ఇంటికి విలువ వెయ్యలేను, స్థలానికే వేస్తాను. మీరడిగిన దాంట్లో సగం కూడా రాదు."

శైలజ చేతిలో ఈసీ కాగితాన్ని చుట్టి పట్టుకుంది. చుట్ట నెమ్మదిగా నలిగిపోతోంది. టెక్కలి నుంచి మడత పడకుండా ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన కాగితం అది.

మా వైపు ఎవరూ తమ ఇంటిని తాము మెచ్చుకోరు. అడిగితే ఏదో నీడ అంటాం. బాగుందని నోటితో అంటే దిష్టి. ముప్పై ఏళ్ళలో నేను కట్టిన ఏ ఇంటి గురించీ ఆ మాట అని ఎరగను.

"బాబూ, మేడ మీదికి రండి," అన్నాను.

హాల్లో బకెట్టు తీసుకుని కుళాయి దగ్గర నింపి పైకి మోశాను. శ్లాబు మధ్యలో కుమ్మరించాను. నీళ్ళన్నీ దారి తెలిసినట్టు ఒకే మూలకి పోయి గొట్టంలో దిగిపోయాయి.

"ఎక్కడైనా నిలిసినాయా? ఈ శ్లాబు ఒక్క రోజులో పోసినాం. పొద్దున్న మొదలెట్టి అయ్యేదాకా తిండికి కూడా ఆపనేదు. తర్వాత పైన మడులు కట్టి ఇరవయ్యొక్క రోజులు నీల్లు నిలబెట్టినాను. ఇటు ఉప్పుగాలి బాబూ, ఇనుముని తినీస్తాది. అందుకే సువ్వ కింద కాంక్రీటు అందరికన్నా మందంగా ఒగ్గినాను."

"నీళ్ళు? ఇక్కడ బోరంతా ఉప్పే కదా?" ఆయన గొంతు మారింది.

"బోరు నీల్లతో ఒక్క తట్ట సిమెంటు మాలు కలపనేదు. మూడు కిలోమీటర్ల అవతల నూతి నుంచి డ్రమ్ములతో తెప్పించినాను. అందుకే ఇంటికి పదకొండేల్లు పట్టింది. డబ్బున్నప్పుడు నీల్లుండవు, నీల్లున్నప్పుడు డబ్బుండదు."

కిందికొచ్చి గునపం తీశాను. ఈశాన్యం మూల పునాది పక్కన తవ్వడం మొదలెట్టాను. మాట్లాడుతూనే తవ్వాను. రాయి ఎక్కడిది, కింద ఎంత వెడల్పు పెట్టాను, పునాది చుట్టూ కాంక్రీటు బెల్టు ఎక్కడ వేశాను, ఎందుకు వేశాను. గొయ్యి మోకాలి లోతు దాటేసరికి ఇంజనీరు బూట్లు విప్పి అందులోకి దిగాడు. టేపు ఆయనే పట్టాడు. రాళ్ళ సందులో వేలు పెట్టి గీకి చూశాడు.

అరుగు మీంచి మా అమ్మ కేకేసింది. "ఓలమ్మో! నారాయణమ్మా, బేగి రా! సూరిగాడు మాటాడతన్నాడు!"

నారాయణమ్మ గరిటె పట్టుకుని వచ్చి, ద్వారబంధానికి ఆనుకుని, పెళ్ళిలో మేళం విన్నట్టు విన్నది.

"నాను ముందే సెప్పనేదా బాబూ, కొండలాగుంటాదని?" అన్నాడు జగన్నాధం బావ.

"మీరు ఆనుకోడానికే భయమన్నారు," అన్నాడు ఇంజనీరు.

"అది మా ఇంటి గోడ సంగతి బాబూ."

ఇంజనీరు గోతిలో నిలబడే పాత కాగితం చింపేశాడు. గోడలన్నీ ఇంకోసారి తిరిగి, తట్టి చూసి, కొత్త కాగితం రాశాడు. మా అమ్మ శైలజ చెయ్యి పట్టి లాగింది.

"బాగుందని రాసీసినాడేటే? మరి డబ్బులెవుడిస్తాడు?"

"బాగుంటేనే ఇస్తారు నాన్నమ్మా. బ్యాంకు లెక్క అంతే."

"బాగున్నోడికే ఇస్తాదా? పడిపోయినోడికి ఇవ్వదా?"

"ఇవ్వదు."

మా అమ్మ దాని చెయ్యి వదిలేసింది. "ఈ ముక్క నేర్సుకోడానికా నువ్వు అంత దూరం ఎల్తన్నావు?"

ఇంజనీరు బూటు తొడుక్కుంటూ తూలి పడబోయాడు, అంత నవ్వాడు. ఆయన బండి మలుపు తిరగ్గానే మా అమ్మ గుప్పెడు ఉప్పూ మిరపకాయలూ తెచ్చి ఇంటికి మూడుసార్లు దిష్టి తీసింది. తర్వాత నాకూ తీసింది.

ఇరవయ్యెనిమిదో తారీఖున బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. ముప్పై లక్షలకీ ఒప్పుకున్నారు. నేనూ శైలజా వెళ్ళి సంతకాలు పెట్టాం. మొదటి ఫీజు బ్యాంకు నుంచే డబ్లిన్‌కి వెళ్ళిపోయింది. మేనేజరు గారి గదిలోంచి బయటికి రాగానే శైలజ రెండు చేతులతో నా భుజం పట్టుకుని ఊపేసింది. క్యూలో ఉన్నవాళ్ళంతా చూశారు. దానికి పట్టలేదు.

నేను మళ్ళీ లోపలికెళ్ళాను.

"ఇంకేం కావాలి మేస్త్రీ గారూ?" అన్నారు మేనేజరు.

"ఇంజనీరు బాబు రాసిన కాగితం జిరాక్సు ఒకటి ఇప్పిస్తారా?"

"దేనికండీ?"

"ఉంచుకుంటానండీ."

ఇచ్చారు. అంతా ఇంగ్లీషు. బస్సులో శైలజ నా పక్కన కూర్చుని తెలుగులో చదివి చెప్పింది. పునాది లోతు, రాయి రకం, శ్లాబు మందం. చివర్న, పనితనం చాలా బాగుంది, ఇల్లు ఇంకో అరవై ఏళ్ళు ఉంటుంది, అని రాశాడు.

"మల్లీ సదువమ్మా," అన్నాను.

బస్సు టెక్కలి దాటేదాకా చదువుతూనే ఉంది.