అతీక్ ఆర్గన్‌కు వేసిన తాళం

అతీక్ ఆర్గన్‌ను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది మీరు. గోదావరిఖని జ్వాలా కళాసమితి పెద్దలు మీరు. అధ్యక్షుడు వేణుమాధవ్, ఆయన వెనుక చేతులు కట్టుకొని నిలబడ్డ కార్యవర్గం. మనిషి పోయి నెల తిరగలేదు, వాయిద్యాన్ని కూడా పూడ్చేశారు. దాని మీద దండ వేసి గౌరవం అన్నారు.

అతీక్ ఎవరో తెలియనివాళ్లు వినండి. గనిలో ఎలక్ట్రీషియన్. డ్యూటీ దిగి, ఒళ్లు కడుక్కొని, 'సెకండ్ షిఫ్ట్' బ్యాండులో రెండు వరసల మెట్లున్న కరెంటు ఆర్గన్ వాయించేవాడు. ఎనభైల్లో ఈ ఊళ్లో రాక్ సంగీతం ఎవరికి తెలుసు? స్టేజీ మీద డ్రమ్ములు, గిటార్లు చూసి రికార్డింగ్ డ్యాన్స్ అనుకొని వచ్చారు జనం. డ్యాన్స్ లేదు. నలుగురు గని కార్మికులు ఇంగ్లీషు పాటలు ఎత్తుకున్నారు, మాటలు రానిచోట నోటికొచ్చిన తెలుగు పెట్టి పాడారు. కేకలు లేచాయి. ఒకటి రెండు రాళ్లు కూడా పడ్డాయి.

అప్పుడు అతీక్ ఎడమ చెయ్యి ఆర్గన్ కింది వరస మీద పెట్టాడు. లోతైన స్వరం ఒకటి పట్టుకొని వదల్లేదు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయితే క్వార్టర్ల గోడలు వణుకుతాయి చూడండి, నేల అట్లా అదిరింది. జనం కూర్చున్నారు. మళ్లీ లేవలేదు.

పెద్ద బ్యాండ్ల దగ్గర తిరిగే స్పీకర్లు ఉంటాయని ఆయన ఎక్కడో విన్నాడు. అవి మనకెక్కడివి? స్పీకరు ముందు కూలర్ ఫ్యాను పెట్టి మెల్లగా తిప్పాడు. స్వరం అలలు అలలుగా వచ్చేది. ఆ ఆర్గన్ కార్మికులు చందాలు వేసుకొని సమితి పేరు మీద కొన్నది. అందుకే సమితి హాల్లో ఉండేది. అందుకే ఇప్పుడు మీ తాళం కింద ఉంది.

సంతాప సభకు మందమర్రి నుంచీ రామకృష్ణాపూర్ నుంచీ కూడా వచ్చారు. అందరూ రిటైరైనవాళ్లే. సభ మొదలుకాక ముందే ముచ్చట్లు మొదలయ్యాయి.

"నాకు చెవులు ఎన్నడో పోయినయ్," అన్నాడు సదయ్య. గనిలో మిషన్ల మోత మధ్య బతుకంతా గడిపిన మనిషి. "అయినా అతీక్ వాయిస్తుంటే స్పీకర్ డబ్బకు వీపు ఆనిచ్చి కూసునేటోణ్ని. వీపుతోని విన్న."

"అందుకే నీకు నడుము నొప్పి," అన్నది లస్మవ్వ. బ్యాండు వాయించే కాలనీ గ్రౌండు పక్కన చాయ్ బండి ఆమెది. "నా గ్లాసులు బండి మీద ఎగిరెగిరి పడేటియి. తిడితేనేమో, అవ్వా, నీ గ్లాసులు కూడ మా బ్యాండులనే ఉన్నయ్ అనేటోడు."

నవ్వారు.

గనిలో ఒక మనిషి పోతే ఆ షిఫ్టులో ఎవరూ పని ముట్టరు. ఎక్కడి సామాను అక్కడ పెట్టి పైకి వచ్చేస్తారు. ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ అలవాటుతోనే ఎల్లన్న లేచాడు. బ్యాండులో డ్రమ్ములు వాయించినవాడు. "అతీక్ ఆర్గన్ పెట్టెను ఎవ్వరు ముట్టొద్దు," అన్నాడు. సభలో ఉన్న అతీక్ దోస్తులం అందరం చేతులెత్తాం. ఆ ఒక్క రోజుకే అని అందరి మనసులో ఉంది. నోటితో ఎవరూ అనలేదు.

వేణుమాధవ్ ఆ మాట పట్టుకున్నాడు. తీర్మానం అన్నాడు. కొద్ది రోజులకే అద్దాల బీరువా వచ్చింది.

నిన్న సాయంత్రం అతీక్ బిడ్డ ఉమేరా సమితి హాలుకు వచ్చింది. మంచిర్యాలలో ల్యాబ్ టెక్నీషియన్. తల్లి హాజిరా గుమ్మం దగ్గరే ఆగింది. ఆదివారం కాలనీ గ్రౌండులో అతీక్ యాదిలో బ్యాండు మళ్లీ కూడుతున్నది కదా, దాని ఏర్పాట్ల కోసం మేమంతా అక్కడే ఉన్నాం.

"సార్, తాళంచెవి ఇయ్యుర్రి," అన్నది ఉమేరా. "మా అబ్బా ఆఖర్ల ఒక బాణీ కట్టిండు. నాకొక్కదానికే నేర్పిండు. యాడ రాసిపెట్టలే. ఇంట్ల బల్ల మీద వేళ్లు ఆడిస్తున్న గని, ఎడమ చెయ్యి తప్పుతున్నది. ఇంకిన్ని రోజులైతే పూరా పోతది."

"అది స్మారకం బేటా," అన్నాడు వేణుమాధవ్. "ముట్టొద్దని నేనన్ననా? మీ నాయిన దోస్తులే చేతులెత్తిండ్రు. నీకు చిన్న కీబోర్డు తెప్పిస్త తియ్యి."

"దాంట్ల కింది వరస ఉండది సార్. ఆ బాణీ సగం దాని మీదనే ఉన్నది."

ఎల్లన్న తల దించుకున్నాడు. సదయ్యకు ఏమీ వినపడక లస్మవ్వ మోచెయ్యి పొడిచాడు. ఆమె జరిగిందంతా ఆయన చెవిలో అరిచి చెప్పింది.

"ఏంది గిది," అన్నాడు సదయ్య. "మనిషి పోయిన షిఫ్టుల పని ముట్టం. మరి తెల్లారి దిగుతమా లేదా, ఎల్లన్నా?"

"దిగుతం," అన్నాడు ఎల్లన్న తల ఊపి.

"మరి గీ సంతాపం ఇంకెన్ని షిఫ్టులు?"

"కమిటీల మాట్లాడాలె కాకా," అన్నాడు వేణుమాధవ్. లస్మవ్వ అదీ సదయ్య చెవిలో అరిచింది.

"మాట్లాడుర్రి. నాకెట్లాగు వినపడది."

గుమ్మం దగ్గర నుంచి హాజిరా మెల్లగా అన్నది. "నలభయ్యో రోజు ఇంట్ల దువా ఉన్నది. అది మా ఫికర్, మేం చూసుకుంటం. ఈ పెట్టె మాత్రం మీ చేతులల్ల ఉన్నది భయ్యా."

ఉమేరా బీరువా అద్దం మీద రెండు చేతులూ పెట్టి వేళ్లు కదిలించింది. చప్పుడు లేదు. సగంలో ఎడమ చెయ్యి ఆగింది. మొదటినుంచి ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. ఎల్లన్న కళ్లు మూసుకొని తొడ మీద దరువు అందించి చూశాడు. అయినా దొరకలేదు. వేణుమాధవ్ అదంతా చూశాడు. చూసి, తాళంచెవి జేబులో వేసుకొని ఇంటికి పోయాడు.

అందుకే అడుగుతున్నాం. ఆదివారం దాకా ఆగకండి, రేపు పొద్దున్నే తాళం తియ్యండి. చేతులెత్తింది మేమే అంటే, రేపు హాలు ముందు నిలబడి మళ్లీ ఎత్తుతాం, తెరవమని. అద్దాల బీరువా మీద మోజు ఉంటే ఉంచుకోండి, మీ దండ అందులో పెట్టుకోండి. ఆర్గన్‌ను గ్రౌండుకు మోసే భుజాలు మాకున్నాయి. తాళంచెవి కమిటీకి కాదు, ఉమేరా చేతికి ఇవ్వండి. ఆ పిల్ల వేళ్లు మరిచిపోకముందే ఇవ్వండి.