బాయి దిగిన కోరికలు

గోదావరిఖనిలో సంపత్‌ను మించిన పొదుపరి లేడు, బాయిలో ఉన్నంతసేపు. బొగ్గుగనిని అక్కడ బాయి అనే అంటారు. తలకు ల్యాంపు తగిలించుకుని లోపలికి దిగాడంటే మళ్లీ పైకి వచ్చేదాకా అతని చేతిలోంచి రూపాయి జారేది కాదు. జారాలంటే ఫోను ఉండాలి, ఆ ఫోనేమో పైన లాకర్లో పడి ఉండేది. నిప్పురవ్వ పుట్టించే వస్తువేదీ బాయిలోకి పోకూడదని నియమం. గ్యాసు అంటుకోకూడదని పెట్టిన నియమమే గానీ, ఇన్నేళ్లూ సంపత్ సంసారాన్ని కూడా అదే కాపాడుతూ వచ్చింది.

పైకి వచ్చాక కథ వేరు. గేటు దాటి ఫోను తెరిచాడంటే అందులో ఆఫరన్నది ఏదో ఒకటి ఉండాల్సిందే, అది సంపత్‌కు కావాల్సిందే. వాళ్ల రెండు గదుల క్వార్టర్లో వీపు నొక్కే దిండు ఉంది, చేపల్లేని చేపల తొట్టి ఉంది, కారు కడిగే పంపు ఉంది. కారు లేదు. పరుగెత్తే మిషన్ మీద తువ్వాళ్లు ఆరుతుంటాయి. ఎందుకు కొన్నావని అడిగితే అతని దగ్గర ఒకటే జవాబు. "ఆఫర్ల వచ్చిందే."

అతని భార్య జ్యోతిరాణి వరండాలో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. కొత్త వస్తువు ఒకటి ఇంట్లోకి వచ్చినప్పుడల్లా ఆమె మిషన్ కొంచెం గోడ వైపు జరిగేది. ఇంకొన్ని ఆఫర్లు వస్తే వీధిలో కూర్చుని కుట్టాల్సి వచ్చేట్టుంది. చౌరస్తాలో బుచ్చిరాములు షట్టరు గది అద్దెకు తీసుకుని సొంతంగా షాపు పెట్టుకోవాలని ఆమె ఆశ. దానికి అడ్వాన్సు కట్టాలి. ప్రతి ఏడాదీ దసరా బోనస్‌తో కడతానని సంపత్ అంటాడు, ప్రతి ఏడాదీ ఆ బోనస్ షట్టరు దాకా పోకుండా దారిలోనే అయిపోతుంది. ఈసారి బుచ్చిరాములు తెగేసి చెప్పాడు. దసరా దాకా చూస్తాడట, ఆ తర్వాత బిర్యానీ సెంటరు వాళ్లకు ఇచ్చేస్తాడట.

సరిగ్గా అప్పుడే సంపత్ మోకాలు పట్టేసింది. కొన్నాళ్లు బాయి దిగొద్దని డాక్టరు రాసిచ్చాడు. అతనికి పైన ల్యాంప్ రూంలో పని ఇచ్చారు. లోపలికి దిగేవాళ్లకు ల్యాంపులు అందించాలి, వచ్చాక తీసుకోవాలి, అంతే. చీకటి లేదు, దుమ్ము లేదు. కాలనీలో ఆడవాళ్లు వచ్చి నీ పెనిమిటికి మంచి పని దొరికిందని జ్యోతిరాణిని అభినందించారు. ఆమె మాత్రం గుమ్మంలోనే కూలబడింది.

"అయితే షిఫ్టు మొత్తం ఫోను నీ చేతులనే ఉంటదా?" అని అడిగింది.

"ఉంటది. పని గూడ ఏం ఎక్కువుండదు" అన్నాడు సంపత్ సంబరంగా.

ఆమె భయపడ్డదానికంటే ఎక్కువే జరిగింది. ల్యాంప్ రూంలో అతనొక్కడే ఫోనుతో ఉంటాడన్న సంగతి మూడు షిఫ్టులకూ పాకిపోయింది. మొదట హరీష్ వచ్చాడు. బొగ్గు కొట్టే కుర్రాళ్లలో కాస్త షోకు ఎక్కువున్నవాడు. "సంపతన్నా, పదకొండు గొట్టంగ బూట్ల ఆఫర్ తెరుస్తరు. నేను లోపలుంట. జర నీ ఫోన్ల నువ్వే వత్తు, మీదికొచ్చినంక పైసలిస్త" అన్నాడు. మరునాడు రాయమల్లు వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ పెద్దమనిషి, పోర్టబుల్ ఏసీ కావాలన్నాడు. ఆ తర్వాత ఇక లైను కట్టారు. సంపత్‌కు పని భలే నచ్చింది. ఇన్నాళ్లూ తన ఒక్కడి కోసమే కొన్నాడు, ఇప్పుడు మొత్తం షిఫ్టు కోసం కొనొచ్చు. ఆఫర్ అయిపోయే చివరి నిమిషంలో బటన్ నొక్కి గెలిచినప్పుడు ఛాతీ ఉబ్బేది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, సాయంత్రం పైకి వచ్చిన మనుషులు పొద్దున దిగిన మనుషులు కారు. మొహం నిండా బొగ్గు, నోరు పిడచ కట్టి, కాళ్లీడ్చుకుంటూ వచ్చి ల్యాంపు బల్ల మీద పెడతారు. "తమ్మీ, ఆఫర్ల నీ బూట్లు కొట్టిన" అని సంపత్ అంటే హరీష్ తన కాళ్ల వంక చూసుకున్నాడు. "ఎందుకన్నా, ఉన్నయి గదా. క్యాన్సిల్ కొట్టు" అన్నాడు. క్యాన్సిల్ అయ్యేవి కొన్ని, కానివి కొన్ని. కానివన్నీ సంపత్ అడ్రసుకే వచ్చేవి, డబ్బులు సంపత్ ఖాతాలోంచే పోయేవి.

"మన కోరికలు సాలయనా, బాయి మొత్తం కోరికలు మనింటికే మోస్తున్నవ్?" అంది జ్యోతిరాణి, పెద్ద అట్టపెట్టె దాటుకుంటూ. అందులో రాయమల్లు ఏసీ ఉంది. ఆమె మిషన్ వెళ్లి గోడకు ఆనుకుంది. జరగడానికి ఇంక చోటు లేదు.

మరునాడు సంపత్ రాయమల్లుతో గొడవకు దిగాడు. "పొద్దుగాల నువ్వే గావాల్నంటివి గదనే కాకా."

"పొద్దుగాల గావాలె. ఇప్పుడు బువ్వ గావాలె" అన్నాడు రాయమల్లు. అంతే, సబ్బు పట్టుకుని స్నానానికి పోయాడు.

సంపత్ కుర్చీలో కూర్చుండిపోయాడు. రాయమల్లు మాట తప్పే మనిషి కాదు, హరీష్ మోసగాడు కాదు. పొద్దున వాళ్లకు నిజంగానే కావాలి. ఆ కోరిక వాళ్లతోపాటు బాయి దిగింది, తిరిగి పైకి రాలేదు. తన కోరికలకు మాత్రం ఆ గతి ఎప్పుడూ పట్టలేదు, పుట్టీ పుట్టకముందే బటన్ నొక్కుతాడు గనక. నలభై ఏళ్లు వచ్చినా ఈ చిన్న సంగతి తట్టలేదేమని సిగ్గేసింది.

మరునాడు ఫోనులో డ్రోన్ కెమెరా కనిపించింది. పైనుంచి ఎగురుతూ ఫోటోలు తీస్తుంది. దేన్ని తీయాలో తెలియదు గానీ వేలు అప్పటికే బటన్ దాకా పోయింది. అంతలో హరీష్ ల్యాంపు కోసం వచ్చాడు.

"తమ్మీ, నాకొక డ్రోన్ గావాల్ననిపిస్తుంది. జర లోపలికి తీస్కపోయి, మీదికొచ్చినంక గావాల్నా అని అడుగు" అన్నాడు సంపత్.

హరీష్ అతన్ని ఎగాదిగా చూసి, మోకాలి నొప్పి తలకెక్కిందనుకుని, సరేనన్నాడు. షిఫ్టయి పైకి వచ్చాక బల్ల ముందు నిలబడి, "అన్నా, నీ డ్రోన్ తెచ్చిన. గావాల్నా?" అని అడిగాడు.

"ఏం డ్రోన్?" అన్నాడు సంపత్. నిజంగానే మర్చిపోయాడు. వెనక నిలబడ్డ వాళ్లంతా విరగబడి నవ్వారు.

ఆ తర్వాత అదొక ఆట అయింది. దిగేవాళ్లు "ఇయ్యాల ఏం తీస్కపోవాల్నే?" అని వాళ్లే అడిగేవాళ్లు. సంపత్ ఒకరికి వాటర్‌ప్రూఫ్ గడియారం, ఇంకొకరికి రొట్టెల మిషన్ అప్పగించేవాడు. రాయమల్లుకు ఒకసారి సోఫా సెట్టు అప్పజెప్పితే, లోపల దాని మీదనే కూసున్ననని వచ్చి చెప్పాడు. పైకి వచ్చేసరికి దాదాపు అన్నీ చచ్చేవి. నవ్వుతూ నవ్వుతూ మిగతావాళ్లు కూడా తమవి బటన్ నొక్కమనడం మానేశారు. ఇంట్లో కొత్త పెట్టె దిగక జ్యోతిరాణికి మొదట అనుమానమొచ్చింది, ఫోను పగిలిందేమోనని.

బోనస్ పడ్డ రోజు గేటు ముందు షామియానా వేసి మోటరుసైకిళ్ల మేళా పెట్టారు. మధ్యలో ఎర్ర బండి ఒకటి నిలబెట్టారు. దాన్ని చూడగానే సంపత్ మోకాలి నొప్పి పోయింది. అయినా పద్ధతి తప్పలేదు, హరీష్‌కు అప్పగించాడు. షిఫ్టయ్యాక హరీష్ అడిగితే, "గావాలె" అన్నాడు. మరునాడు రాయమల్లుతో దింపాడు. "గావాలె" అన్నాడు. మూడో రోజు కూడా బండి బతికే వచ్చింది. ఇంతవరకు ఏ కోరికా ఇలా మొండికెయ్యలేదు.

సంపత్ ఇంటికి పోయాడు. జ్యోతిరాణి మిషన్ తొక్కుతూ ఉంది. నిజం చెప్పేశాడు.

"నేనేం చేయాల్నే? మూడుసార్లు దిగింది, మూడుసార్లు మీదికొచ్చింది."

"మంచిది" అంది ఆమె తల ఎత్తకుండా. "పద్ధతి పెట్టింది నువ్వే గదా. కొనుక్కో." జాకెట్ చేతి దగ్గర కుట్టు మలుపు తిప్పుకుని, మెల్లగా అంది. "నాది పెండ్లయిన కొత్తల దిగింది. గిన్నేండ్లాయె. గావాల్నా అని మీదికి తెచ్చి అడిగినోళ్లు లేరు."

కోపంగా అని ఉంటే సంపత్ ఏదో ఒకటి అనేవాడు. ఆమె కోపంగా అనలేదు. ఇన్నేళ్లూ ప్రతి చెత్త వస్తువునూ ఇంట్లోకి మోసుకొచ్చి ఈ ఒక్కదాన్నీ లోపలే వదిలేశాడు. ఏసీ పెట్టె మీద కూర్చుని అడిగాడు.

"గావాల్నా?"

"ఏంది?"

"షాపు. ఇంకా గావాల్నా?"

మిషన్ ఆగింది. ఆమె దారం తెంపి, సూది కింది బట్ట తీసి మడత పెట్టి, అప్పుడు చెప్పింది. "గావాలె."

చీకటి పడకముందే ఇద్దరూ బుచ్చిరాములు ఇంటికి పోయారు. సంపత్ బోనస్ డబ్బు అడ్వాన్సుగా చేతిలో పెడితే బుచ్చిరాములు కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. వెంటనే షట్టరు తీసి చూపించాడు. ఖాళీ గది, ఓ మూల పాత కిరాయిదారు వదిలేసిన అద్దాల బీరువా. కుట్టిన జాకెట్లు వేలాడదీస్తే రోడ్డు మీదికి కనిపిస్తాయి.

"ఆ బీరువ గూడ అమ్ముతం" అన్నాడు బుచ్చిరాములు.

జ్యోతిరాణి పోయి అద్దం మీద చెయ్యి పెట్టింది. అరచేతితో దుమ్ము తుడిచింది. ఆమె కళ్లలో సంపత్ ఎప్పుడూ చూడని వెలుగొకటి వచ్చింది, ఆఫర్ చూసినప్పుడు తనకు రోజూ వచ్చేదే. అంతలోనే చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది. "ఇప్పుడొద్దు. రేపు చూద్దాం" అంది.

ఆ చెయ్యి ఇంట్లో ఎన్నిసార్లు అలా వెనక్కి పోయి ఉంటుందో అనుకున్నాడు సంపత్.

"నువ్వు మస్తు ఆగినవ్ తియ్యి" అన్నాడు. "కొందాం."

ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. తర్వాత బుచ్చిరాములు వైపు తిరిగి, కొంగు నడుముకు చెక్కి, "ఎంతకిస్తవే కాకా?" అని మొదలుపెట్టింది. ఆయనొక ధర చెప్పాడు. ఆమె తలుపు కిర్రుమంటుందని చూపించింది, అద్దం మీద గీత చూపించింది, అడుగున చెదలు చూపించింది. బుచ్చిరాములుకు చెమట పట్టింది. ఆ బేరం నడిచినంతసేపూ సంపత్ గడప మీద కూర్చుని నోరు గట్టిగా మూసుకున్నాడు, తెరిస్తే మొదటి ధరకే సరేనంటాడని తెలుసు గనక.